టేకు అని రాసి ఉన్నదల్లా టేకు కాదు: ఒకే పేరుతో అమ్మే ఉష్ణమండల కలపను గుర్తుపట్టడం ఎలా

కలప వ్యాపారంలో చెట్టు పేరు ఒకటి, అమ్మకం పేరు మరొకటి. "బ్రెజిలియన్ టేకు" అని వచ్చే కుమారు చెక్కకీ అసలు టేకుకీ చుట్టరికమే లేదు. టేకుది తులసి కుటుంబం, కుమారుది చిక్కుడు కుటుంబం. రెండూ గోధుమ రంగులో ఉంటాయి, రెండూ ఆరుబయట నిలుస్తాయి. పోలిక అంతవరకే. కుమారు టేకుకి ఒకటిన్నర రెట్లకు మించి బరువు, కాఠిన్యంలో దాదాపు మూడు రెట్లు. టేకు కోసం సిద్ధం చేసుకున్న ఉలీ, రంపం, మేకులూ దాని మీద పనికిరావు.

ఇది ప్రతిసారీ మోసమే అనుకోనక్కర్లేదు. చాలా పేర్లు వందేళ్లుగా వాడుకలో ఉన్నవి, అమ్మేవారికీ అంతకుమించి తెలియకపోవచ్చు. కానీ నష్టం మాత్రం కొన్నవాళ్లదే: కిటికీ చట్రం కుళ్లిపోవడం, బల్లపలక విచ్చుకోవడం, జిగురు పట్టకపోవడం, సరుకు కస్టమ్స్ దగ్గర ఆగిపోవడం. అందుకే కొనేముందు చెక్కనే అడగాలి. దానికి కావలసిన సామాను కొంచెమే: పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం, కొత్త బ్లేడు, గ్రాము వరకు తూగే త్రాసు, వెర్నియర్ కాలిపర్, ఒక చిన్న రంపం.

మొదటి అడుగు: పేరును విడగొట్టి చూడండి

పేరు ముందు దేశం పేరో, ఊరి పేరో, రంగో తగిలించి ఉంటే ముందుగా అనుమానించండి. "బ్రెజిలియన్ వాల్‌నట్" అంటే ఇపే, "బ్రెజిలియన్ చెర్రీ" అంటే జటోబా, "శాంటోస్ మహాగని" అంటే మైరాక్సిలాన్ బాల్సమమ్, "బొలీవియన్ రోజ్‌వుడ్" అంటే పావు ఫెర్రో. "ఫిలిప్పీన్ మహాగని" అంటే లవాన్, మెరాంటీ వర్గం. "స్పానిష్ సెడార్" సూదిమొనల ఆకుల చెట్టు కాదు, స్పెయిన్‌ది అంతకన్నా కాదు. అది మహాగని కుటుంబానికి చెందిన సెడ్రెలా.

అన్నిటికన్నా చిక్కు పెట్టేది "ఆఫ్రికన్ టేకు". ఈ పేరుకి కనీసం మూడు అర్థాలున్నాయి: ఇరోకో (మిలిసియా ఎక్సెల్సా), ఆఫ్రార్మోసియా (పెరికోప్సిస్ ఎలాటా), మూడోది ఆఫ్రికా తోటల్లో నాటి పెంచిన నిజమైన టేకు. మూడోది జన్మతః అసలు టేకే, పేరులో తప్పేమీ లేదు. కాబట్టి "ఆఫ్రికన్ టేకు టేకు కాదు" అని గుడ్డిగా తిరస్కరించినా పొరపాటే.

పేరు ముందు దేశం ఉన్నంత మాత్రాన వేరే చెట్టని కాదని కూడా గుర్తుంచుకోవాలి. "బర్మా టేకు" అంటే టెక్టోనా గ్రాండిస్సే. ఇక్కడ దేశం పేరు పుట్టిన చోటును చెబుతోంది, అంతే.

రెండో అడుగు: శాస్త్రీయ నామం రాతపూర్వకంగా తీసుకోండి

కొటేషన్ మీదా, బిల్లు మీదా చెట్టు శాస్త్రీయ నామం, పండిన దేశం రెండూ ఉండాలని అడగండి. "మహాగని, మొదటి రకం" అని రాస్తే దానికి ఏ అర్థమూ లేదు. "స్వియెటీనియా మాక్రోఫిల్లా" అని రాసి సంతకం పెట్టాక వేరేది దిగితే మీకు నిలదీసే ఆధారం ఉంటుంది. జాతి చెప్పలేకపోతే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకైనా చెప్పాలి. "షోరియా" (మెరాంటీల ప్రజాతి) అన్న ఒక్క మాట దొరికినా సగం ప్రశ్నలకు జవాబు వచ్చినట్టే.

దేశాల మధ్య కదిలే సరుకైతే ఈ పేరు చట్టానికి సంబంధించిన విషయం. అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో బ్రెజిల్ రోజ్‌వుడ్ (డాల్బెర్జియా నైగ్రా) 1992 నుంచి మొదటి అనుబంధంలో (వ్యాపారం దాదాపుగా నిషేధం) ఉంది. ఆఫ్రార్మోసియా కూడా అదే ఏడు రెండో అనుబంధంలో (అనుమతి పత్రంతోనే వ్యాపారం) చేరింది. మధ్య, దక్షిణ అమెరికాల పెద్దాకు మహాగని రెండో అనుబంధం కిందికి వచ్చింది 2003 నవంబరులో. డాల్బెర్జియా ప్రజాతి మొత్తం 2017 జనవరి 2 నుంచి, ఆఫ్రికాలోని ఖాయా 2023 ఫిబ్రవరి నుంచి, ఇపే, కుమారు 2024 నవంబరు నుంచి అనుమతి పత్రాల కిందికి వచ్చాయి. అసలు టేకుకి ఈ పత్రం అక్కర్లేదు, "బ్రెజిలియన్ టేకు"కి కావాలి. పేరు నమ్మి పత్రం లేకుండా తెప్పిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మూడో అడుగు: నమూనా సరిగ్గా తీయండి

అడితిలో బల్ల మీద పెట్టి చూపించే నున్నటి ముక్కను పరీక్షించి లాభం లేదు. మీరు కొనబోయే దొంతరలోంచే తీయాలి. పలక చివర ఎండకు పగిలి, మట్టిపట్టి, ఒక్కోసారి మైనమో రంగో పూసి ఉంటుంది. అందువల్ల చివర నుంచి 10, 15 సెంటీమీటర్లు వదిలి, ఆ తర్వాత 5 సెంటీమీటర్ల పొడవు ముక్క కోయండి. చేవ భాగమే కావాలి. అంచున పాలిపోయి కనిపించే తెల్ల చెక్కకి ఏ జాతిలోనూ చేవకున్న రంగూ, వాసనా, మన్నికా ఉండవు.

ఒక దొంతరలో రెండు మూడు జాతులు కలిసి ఉండటం మామూలే, మెరాంటీలో మరీ ఎక్కువ. పది పలకలకు ఒక నమూనా చొప్పున తీసి, ప్రతి ముక్క మీదా పెన్సిల్‌తో పలక సంఖ్య వేయండి.

రంగు చూసి నిర్ణయానికి రావద్దు. ఎండలో ఏడాది ఉంటే దాదాపు అన్ని చెక్కలూ బూడిదరంగుకి తిరుగుతాయి, రంగు పూత వేస్తే మెరాంటీ కూడా మహాగనిలాగే మెరుస్తుంది. ఉన్న రంగు చూడాలంటే చిత్రికతో ఒకటి రెండు మిల్లీమీటర్లు తీసేసి చూడాలి.

నాలుగో అడుగు: అడ్డకోత ముఖం

అసలు పనంతా ఇక్కడే ఉంది. చెట్టును అడ్డంగా కోస్తే కనిపించే ముఖంలో ఆ చెట్టు నీళ్లు మోసిన గొట్టాలు, అంటే రంధ్రాలు, వాటి చుట్టూ లేత రంగు కణజాలం, మధ్యనుంచి బయటికి సాగే సన్నని కిరణ రేఖలు కనిపిస్తాయి. రంగు మార్చవచ్చు, వాసన పోవచ్చు, ఈ అమరికను మాత్రం ఎవరూ మార్చలేరు.

రంపం కోసిన ముఖం గరుకుగా, నార చెదిరి ఉంటుంది. దాని మీద ఏమీ కనపడదు. కొత్త బ్లేడుతో ఒక గోరంత చోటును, సుమారు 5 మిల్లీమీటర్ల చదరాన్ని, పలచటి పొరగా చెక్కండి. బ్లేడును నేరుగా తోయకుండా పక్కకి జారుస్తూ కోయాలి. తోస్తే కణాలు నలిగి రంధ్రాలు మూసుకుపోతాయి. కుమారు, ఇపే లాంటి గట్టి చెక్క అయితే ఆ ముఖాన్ని వేడినీళ్లలో కాసేపు నానబెట్టి కోస్తే బ్లేడు దిగుతుంది. బ్లేడు ఒకటి రెండు కోతలకే మొద్దుబారుతుంది, మార్చడానికి వెనకాడొద్దు. గరుకు కాగితంతో రుద్దడం తేలిక, కాకపోతే పొడి రంధ్రాల్లో కూరుకుపోయి తెల్ల మచ్చల్లా కనిపిస్తుంది. లేని గుర్తును ఉన్నట్టు చూపిస్తుంది కనుక ఆ దారి పట్టకండి.

చెక్కిన చోట ఒక చుక్క నీరు రాసి తుడవండి. భూతద్దాన్ని కంటికి ఆనించి పట్టుకుని, ముక్కనే దగ్గరికి తెచ్చుకుంటూ స్పష్టంగా కనబడే దూరం దగ్గర ఆపండి. వెలుతురు పక్కనుంచి పడాలి. అప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. రంధ్రాలు వలయాలుగా బారులు తీరాయా, అంతటా సమంగా చెదిరి ఉన్నాయా? వాటి చుట్టూ లేత రంగు రెక్కల్లా ఏమైనా ఉందా? ఎదుగుదల వలయం చివర సన్నని లేత గీత ఉందా? తెల్లని చుక్కలు ఒక గీతలో పేర్చినట్టు ఉన్నాయా?

తర్వాత పలక వెడల్పు ముఖాన్ని, అంటే వలయాలకు తాకుగా కోసిన ముఖాన్ని, ఏటవాలు వెలుతురులో చూడండి. కొన్ని జాతుల్లో పొడవుకి అడ్డంగా అతి సన్నని గీతలు, నీటి మీద అలల్లా, బారుగా కనిపిస్తాయి. కిరణ కణాలు అంతస్తులుగా పేర్చుకోవడం వల్ల వచ్చే ఈ అలగుర్తులు మహాగని తగువుల్ని తేల్చడంలో బాగా పనికొస్తాయి.

టేకు పేరుతో వచ్చేవి

అసలు టేకులో వలయం మొదట్లో పెద్ద రంధ్రాలు ఒక వరుసగా ఉంటాయి, ఆ తర్వాత చిన్నవవుతాయి. ఆ పెద్ద రంధ్రాల వరుసకి ఆనుకుని లేత పట్టీ కనిపిస్తుంది. ఒక్కో వలయం భూతద్దం కింద ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలుపెట్టి చూపించవచ్చు. తోటలో త్వరగా పెరిగిన టేకులో వలయాలు వెడల్పుగా ఉంటాయి గానీ ఈ అమరిక పోదు. చేత్తో రుద్దితే కొంచెం జిడ్డుగా తగులుతుంది, తాజా కోతలో పాత తోలును గుర్తుకుతెచ్చే వాసన వస్తుంది.

ఇరోకోలో రంధ్రాలు పెద్దవే, కానీ వరుస కట్టవు. అంతటా చెదిరి ఉండి, ప్రతి రంధ్రానికీ అటూ ఇటూ లేత రంగు రెక్కలు విచ్చుకుంటాయి. పక్కపక్క రంధ్రాల రెక్కలు కలిసి పొట్టి గీతలవుతాయి. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ టేకుతో పొరబడరు. ఇరోకోలో ఇంకో ఇబ్బంది ఉంది. చెట్టు లోపల కాల్షియం కార్బొనేట్ గడ్డకట్టి రాయిలా దాగి ఉంటుంది, దాని చుట్టుపక్కల చెక్క నల్లబడి ఉండవచ్చు. రంపం దానికి తగిలితే పళ్లు ఎగిరిపోతాయి. నల్లటి మచ్చ కనిపిస్తే మెల్లగా, జాగ్రత్తగా కోయండి.

ఆఫ్రార్మోసియా టేకు కన్నా నున్నగా, సన్నపోగుతో (సన్నని నారతో) ఉంటుంది, జిడ్డు ఉండదు. రంధ్రాల చుట్టూ రెక్కలుంటాయి, వెడల్పు ముఖం మీద అలగుర్తులు కనిపిస్తాయి. తడిలో ఇనుప మేకు తగిలితే నీలి నలుపు మరక పడుతుంది కాబట్టి దీనికి స్టెయిన్‌లెస్ మేకులే వాడాలి. కుమారు విషయం బరువుతోనే తేలిపోతుంది. తాజా కోతలో వనిల్లా లాంటి తీపి వాసన కూడా పట్టిస్తుంది. టోంకా గింజలు ఈ చెట్టు విత్తనాలే.

మహాగని పేరుతో వచ్చేవి

ఇక్కడ గందరగోళం మరీ ఎక్కువ, అందుకే ఒక వరుసలో వెళ్లండి. మొదటి ప్రశ్న: అడ్డకోతలో తెల్లని చుక్కలు పొడవాటి గీతలుగా, వలయాలకు సమాంతరంగా ఉన్నాయా? ఉంటే ఇక మహాగని ఊసే వద్దు. అవి రెసిన్ కాలువలు. షోరియా, పారాషోరియా, అంటే మెరాంటీ, లవాన్ వర్గానికి ఇది ముద్ర. ఏ నిజమైన మహాగనిలోనూ ఈ చుక్కల గీత ఉండదు.

చుక్కలు లేకపోతే రెండో ప్రశ్న: వలయం చివర సన్నటి లేత గీత ఉందా, వెడల్పు ముఖం మీద అలగుర్తులు ఉన్నాయా? రెండూ ఉంటే స్వియెటీనియా, అంటే అసలు మహాగని అయ్యే అవకాశం బలంగా ఉంది. రెండూ లేకుండా పోగు అల్లుకుపోయి ఉంటే ఖాయా, అంటే "ఆఫ్రికన్ మహాగని". అలగుర్తులు ఉండి, కిరణ రేఖల వెంట నిలువుగా కోసిన ముఖం మీద సన్నని రిబ్బన్ చారలు సమంగా, దగ్గర దగ్గరగా నడిచి, తాజా కోతలో సెడార్ వాసన వస్తే సాపెలే. సాపెలేకి దగ్గర చుట్టం సీపో. అందులో ఈ చారలు వెడల్పుగా, అంత క్రమం లేకుండా ఉంటాయి.

ఒక్కటే గుర్తు దొరికినప్పుడు తొందరపడొద్దు. సాపెలేలో అలగుర్తులు ఉండటం చూసి అసలు మహాగని అని కొనేసినవాళ్లు ఉన్నారు. రెండు మూడు గుర్తులు ఒకే వైపు చూపిస్తేనే పేరు పెట్టండి.

ఐదో అడుగు: తూకం

నమూనాను 50 × 50 × 25 మిల్లీమీటర్ల దిమ్మెగా కోయండి. దాని ఘనపరిమాణం 62.5 ఘన సెంటీమీటర్లు. అంతే కచ్చితంగా కోయడం కుదరకపోతే కాలిపర్‌తో కొలిచి లెక్కవేయండి. మందంలో అర మిల్లీమీటరు తప్పితే ఫలితం 2 శాతం తప్పుతుంది. గ్రాముల బరువును ఘన సెంటీమీటర్లతో భాగించి 1000తో గుణిస్తే ఘనమీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. చెక్క 12 శాతం తేమకి దగ్గరగా ఆరి ఉండాలి, పచ్చి చెక్క తూకం పనికిరాదు.

ఆ దిమ్మె సుమారుగా తూగే బరువులు ఇవి: లేత ఎర్ర మెరాంటీ 30 గ్రాములు, అసలు మహాగని 37, ఖాయా 40, టేకు 41, ఇరోకో 41, సాపెలే 42, ఆఫ్రార్మోసియా 45, జటోబా, శాంటోస్ మహాగని 57, కుమారు 68, ఇపే 69. ఒకే జాతిలోనూ పది శాతం అటూ ఇటూ ఉంటుంది. అంటే టేకు, ఇరోకోలను త్రాసు విడదీయలేదు, అడ్డకోతే విడదీయాలి. కానీ "టేకు" అన్న దిమ్మె 65 గ్రాములు తూగితే భూతద్దం తీయకుండానే వద్దని చెప్పేయవచ్చు. ఇపే, కుమారు నీళ్లలో వేస్తే సాధారణంగా మునిగిపోతాయి.

ఆరో అడుగు: సాయంగా వాడే చిన్న పరీక్షలు

ఇవి సాక్ష్యాన్ని బలపరచడానికే, వీటితోనే తీర్పు ఇవ్వకూడదు. ఇపే రంధ్రాల్లో లపచోల్ అనే పసుపు పొడి ఉంటుంది. పొట్టు మీద వాషింగ్ సోడా కలిపిన నీళ్లు చల్లితే ఆ పసుపు ఎర్రగా తిరుగుతుంది. తిరగకపోతే ఇపే కాదని మాత్రం తేల్చొద్దు, పొడి తక్కువున్న చెట్లూ ఉంటాయి. మెర్బావు (ఇంట్సియా) రంధ్రాల్లో గంధకం రంగు పసుపు కనిపిస్తుంది, దాన్ని తడిపితే గోధుమ రంగు నీరు దిగుతుంది. అందుకే కొత్త మెర్బావు పలకల కింద ఉన్న సిమెంటు గచ్చు మొదటి వానలకు మరకలు పడుతుంది. నారా (టెరోకార్పస్ ఇండికస్) పొట్టును గాజు గ్లాసులోని నీళ్లలో నానబెట్టి పగటి వెలుతురులో పట్టుకుంటే నీరు నీలంగా మెరుస్తుంది. ఐరోపా వైద్యులు 16వ శతాబ్దంలోనే ఇలాంటి మెరుపు నీటి గురించి రాసిపెట్టారు.

రోజ్‌వుడ్ పేరు సంగతి

అసలు రోజ్‌వుడ్‌లు డాల్బెర్జియా ప్రజాతివి. మన జిట్రేగి (డాల్బెర్జియా లాటిఫోలియా) అందులో ఒకటి. వీటిలో అలగుర్తులు, తాజా కోతలో తీపి వాసన ఉంటాయి. పావు ఫెర్రో, బుబింగా కూడా రోజ్‌వుడ్ పేరుతో వస్తాయి, వాటి ప్రజాతులే వేరు. వీటిని భూతద్దంతో ఇంట్లో తేల్చడం నిజంగా కష్టం. జాతి మీద అనుమతి పత్రం ఆధారపడి ఉంటే నమూనాను కలప పరిశోధనశాలకు పంపండి. అక్కడ సూక్ష్మదర్శిని కింద పొరలు కోసి చూస్తారు. చాలాసార్లు ప్రజాతి వరకే చెప్పగలుగుతారు, దానికి సిద్ధపడే పంపండి.

ఏడో అడుగు: దొరికిన జాతికి తగ్గట్టు పనిని మార్చండి

ఆరుబయట వాడకానికి ఐరోపా ప్రమాణం ఈఎన్ 350 కలప మన్నికను 1 నుంచి 5 వరకు విభజిస్తుంది, 1 అంటే అత్యధికం. కుమారు, ఇపే, ముదిరిన టేకు 1లో ఉంటాయి, ఇరోకో, ఆఫ్రార్మోసియా 1 నుంచి 2 మధ్య, అమెరికా మహాగని 2. ఖాయా, సాపెలే 3. లేత ఎర్ర మెరాంటీ 3, 4 దగ్గర. తోట టేకు 1 నుంచి 3 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, లేత చెట్టులో చేవ తక్కువ కాబట్టి. "మహాగని కదా" అని లేత మెరాంటీని వానకి తగిలే కిటికీకి వాడితే కింది అడ్డపట్టె కీళ్ల దగ్గర నీరు నిలిచి ముందుగా కుళ్లుతుంది.

కదలిక లెక్క వేయండి. తాకు ముఖం (వలయాలకు తాకుగా కోసిన వెడల్పు ముఖం) మీద టేకు పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా సుమారు 5.3 శాతం కుంచించుకుంటుంది, సాపెలే 7.2 శాతం. వీటిని 30తో భాగిస్తే ఒక శాతం తేమ మార్పుకి ఎంత కదులుతుందో వస్తుంది. తేమ 5 శాతం మారితే మీటరు వెడల్పు టేకు బల్లపలక దాదాపు 9 మిల్లీమీటర్లు, సాపెలే పలక 12 మిల్లీమీటర్లు కదులుతుంది. టేకుకని వదిలిన సందులో సాపెలే పెడితే ఆ 3 మిల్లీమీటర్లు చట్రాన్ని తోస్తాయి, లేదా పలకే పగులుతుంది.

టేకు జిడ్డు జిగురును పట్టనివ్వదు. అతికే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి, ఆరిన వెంటనే జిగురు పూసి బిగించండి. గంటలు ఆగితే నూనె మళ్లీ పైకి వస్తుంది. టేకులో సిలికా 1.4 శాతం వరకు ఉండి మామూలు ఉక్కు పళ్లను త్వరగా మొద్దుబారుస్తుంది, కార్బైడ్ పళ్ల రంపం వాడండి. తెల్ల మెరాంటీకీ ఇదే జబ్బు. కుమారు, ఇపేలలో స్క్రూ దిగాలంటే ముందు దాని కాడ మందానికి సరిపడా బెజ్జం వేయాలి, లేకపోతే స్క్రూ తల తెగిపోతుంది. ఇరోకో, పావు ఫెర్రో పొట్టు చాలామందికి చర్మం మీద దద్దుర్లు, ఊపిరాడకపోవడం తెస్తుంది. ఎఫ్‌ఎఫ్‌పీ2 లేదా ఎన్95 మాస్కు లేకుండా వాటిని గరుకు కాగితంతో రుద్దకండి.

సరుకు దిగాక

మీరు పరీక్షించిన ముక్కల్లో ఒకదాన్ని రెండు భాగాలుగా చీల్చి, ఒకటి అమ్మినవారి దగ్గర, ఒకటి మీ దగ్గర, తేదీ, శాస్త్రీయ నామం రాసి ఉంచండి. సరుకు దిగిన రోజే, రంపం పట్టకముందే, పది పలకలకు ఒకటి చొప్పున అడ్డకోత తీసి ఆ ముక్కతో పోల్చండి. తేడా వచ్చిన పలక పక్కన పెట్టి, దాని ముందూ వెనకా పలకల్ని కూడా చూడండి, కలగలుపు సరుకు సాధారణంగా గుంపుగా వస్తుంది. ఒక్క పలకైనా కోసి, చిత్రిక పట్టి, రంగు వేశాక తిప్పి పంపడం చాలా చోట్ల కుదరదు.